బయానా ఇవ్వకముందే లాయర్ దగ్గరకు వెళ్లండి

సంపాదకుడు గారికి నమస్కారం.

స్థలం, ఇల్లు, పొలం కొనేవాళ్ల కోసం పత్రికల్లో చాలానే వస్తోంది. ఎక్కడ రేట్లు పెరుగుతున్నాయి, ఏ బ్యాంకు వడ్డీ ఎంత, ఏ వైపు ముఖం ఉన్న ఫ్లాటు మంచిది అని వారం వారం రాస్తున్నారు. ఆ ఆస్తి అమ్మేవాడిదేనా కాదా అని తేల్చే లాయర్‌ను ఎలా ఎంచుకోవాలో మాత్రం విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. సివిల్ కోర్టుల్లో ఆస్తి దావాలు నడిపేవాళ్లకు ఈ లోటు రోజూ కనబడుతుంది. కొనేవాళ్లలో చాలామంది లాయర్ గడప తొక్కేది బయానా ఇచ్చాకనో, నోటీసు చేతికందాకనో. బయానా ఇచ్చినవాడికి లాయర్ చెప్పే లోపం చెవికెక్కదు. ఇచ్చిన డబ్బు పోతుందన్న భయంతో ‘ఫరవాలేదు’ అన్న ఒక్క మాట కోసమే ఎదురుచూస్తాడు. అందుకే బేరం కుదిరిన రోజుకూ బయానా రోజుకూ మధ్య కనీసం రెండు మూడు వారాలు అడిగి తీసుకోవాలి. అమ్మేవాడు అంత గడువు కూడా ఇవ్వనంటున్నాడంటే, ఆ కారణం ఏమిటో ముందు కనుక్కోవాలి.

‘రిజిస్ట్రేషన్ అయిపోతే ఇంకేం భయం, గవర్నమెంటే ముద్ర వేసింది కదా’ అనే నమ్మకం మనలో గట్టిగా ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ ప్రధానంగా చూసేది, రాసిచ్చిన మనిషి ఇతనేనా, సంతకం తనదేనని ఒప్పుకున్నాడా, స్టాంపు డ్యూటీ సరిగా పడిందా, ఆస్తి నిషేధిత జాబితాలో ఉందా అన్నవి. అమ్మేవాడికి హక్కు ఎలా వచ్చిందో తేల్చడం ఆయన పని కాదు. తమిళనాడు రిజిస్ట్రేషన్ నిబంధన ఒకదాన్ని కొట్టేస్తూ 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే. తనకు లేని హక్కును ఎవరూ ఇంకొకరికి అమ్మలేరు. కాబట్టి హక్కును పరీక్షించే భారమంతా కొనేవాడి మీద, అంటే అతను పెట్టుకున్న లాయర్ మీద పడుతుంది.

ఇక్కడే మొదటి తప్పు జరుగుతోంది. చాలామంది సొంతంగా లాయర్‌ను పెట్టుకోవడమే లేదు. ‘బిల్డర్ దగ్గర లీగల్ ఒపీనియన్ ఉంది’, ‘ఏజెంటు తెలిసిన లాయరే చూశాడు’, ‘బ్యాంకు లోన్ ఇచ్చిందంటే టైటిల్ క్లియరే కదా’ అంటారు. బిల్డర్ లాయర్‌కు కక్షిదారు బిల్డరే. మీ ప్రయోజనం చూడాల్సిన బాధ్యత ఆయన మీద లేదు. ఏజెంటు పంపే లాయర్‌కు రేపు ఇంకో పది ఫైళ్లు ఆ ఏజెంటే పంపాలి.

బ్యాంకు ప్యానెల్ లాయర్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆయన రాసే ఒపీనియన్ బ్యాంకు కోసం, బ్యాంకు ఇచ్చిన నమూనాలో, బ్యాంకు ఇచ్చే అప్పుకు ఈ తాకట్టు సరిపోతుందా అన్న ప్రశ్నకు జవాబుగా ఉంటుంది. ఆస్తి విలువలో కొంత భాగానికే బ్యాంకు అప్పిస్తుంది. మిగతాది మీ చేతి డబ్బు. టైటిల్ చెడితే బ్యాంకుకు మీ జీతం ఉంది, హామీదారు ఉన్నాడు, మీ కిస్తీలు ఆగవు. మీకు మాత్రం ఇల్లు ఉండదు. చాలాసార్లు ఆ ఒపీనియన్ ప్రతి కూడా కొనేవాడి చేతికి రాదు. ప్యానెల్‌లో ఉన్న లాయర్లు అనుభవజ్ఞులే, వాళ్లలో మంచివాళ్లను వెతుక్కోవడం తెలివైన పనే. అయితే మీ లోన్ ఫైలు చూడని లాయర్‌ను మీ ఫీజుతో, మీ పేరిట ఒపీనియన్ రాసేలా పెట్టుకోవాలి.

ఒపీనియన్ తప్పయితే లాయర్ మీద ఏం చేయగలం అని అడిగేవాళ్లు ఉంటారు. చేయగలిగింది చాలా తక్కువ. హైదరాబాద్‌లో ఒక బ్యాంకు గృహరుణాలకు సంబంధించిన కేసులో 2012లో సుప్రీంకోర్టు, మోసంలో పాలుపంచుకున్నట్టు ఆధారం లేకుండా కేవలం తప్పు ఒపీనియన్ ఇచ్చినందుకు లాయర్‌ను క్రిమినల్ కేసులో విచారించలేమంది. 2024 మే నెలలో ఇచ్చిన ఇంకో తీర్పులో లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి రావని చెప్పింది. అంటే కన్స్యూమర్ కోర్టు దారి మూసుకుపోయింది. మిగిలింది 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం కింద బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు, లేదంటే నష్టపరిహారం కోసం సివిల్ దావా. రెండింటికీ ఏళ్లు పడతాయి. జాగ్రత్తంతా ఎంచుకునేటప్పుడే పడాలి.

ఎంచుకోవడం ఎలా? ప్రకటనలు చూసి కాదు. లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధన. కాబట్టి ఇంటర్నెట్‌లో కనబడే ‘నగరంలో మొదటి పదిమంది ప్రాపర్టీ లాయర్లు’ లాంటి జాబితాలకు విలువ లేదు. కోర్టులో గొంతెత్తి వాదించే పేరున్న లాయరే కావాలని కూడా లేదు. క్రిమినల్ బెయిళ్లలో దిట్ట అయినవాడికి ఇనాం భూమి (పాత పాలకులు మాన్యంగా ఇచ్చినది) రికార్డు చూపిస్తే తడబడవచ్చు. మనకు కావలసింది కాగితాలు ఓపికగా చదివే మనిషి. పార్టిషన్ (పంపకం), స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ (ఒప్పందం అమలు), డిక్లరేషన్ (హక్కు ప్రకటన) దావాలు నడిపి, అదే సమయంలో టైటిల్ ఒపీనియన్లు రాసేవాళ్లు ఇందుకు సరిపోతారు. ఒప్పందాలు ఎక్కడ తెగుతాయో వాళ్లు కోర్టులో చూసి ఉంటారు. ఆస్తి ఉన్న ఊరికి సంబంధించిన సివిల్ కోర్టుకు వెళ్లి, అక్కడి సీనియర్ క్లర్కులను, బ్యాంకు లా ఆఫీసర్లను విడివిడిగా అడిగితే రెండు మూడు పేర్లు మళ్లీ మళ్లీ వినబడతాయి. ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడిగి రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో సరిచూసుకోండి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో లాయర్ పేరుతో వెతికితే ఆయన ఎలాంటి దావాలు నడుపుతున్నాడో ఇంట్లో కూర్చునే చూడవచ్చు. దస్తావేజు లేఖరి లాయర్ కాడు. దస్తావేజు రాయడంలో ఆయనకు చేయి తిరిగి ఉండవచ్చు. హక్కు గురించి ఆయన చెప్పే మాటకు మాత్రం బాధ్యత ఎవరిదీ కాదు.

ప్రాంతం సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు, నిజానికి చాలా ముఖ్యమైనది అదే. తెలంగాణలో పొలం కొంటుంటే సేత్వార్ అనే తొలి సర్వే రిజిస్టర్‌ను, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, తర్వాతి చేసాల పహాణీ అనే సాగు రికార్డులను చదవగలిగే లాయర్ కావాలి. అందులో రక్షిత కౌలుదారు పేరు ఉంటే కౌలుదారుకు యాజమాన్య హక్కు ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్ ఎవరికి వచ్చిందో, ఇనాం భూమి అయితే ఆక్యుపెన్సీ రైట్స్ సర్టిఫికెట్, అంటే ఓఆర్‌సీ, ఎవరి పేరిట ఉందో అడగాలి. పాసుపుస్తకం ధరణిలో వచ్చింది, ఇప్పుడు భూభారతిలోనూ కనబడుతోంది, ఇంకేం అంటే సరిపోదు. పోర్టల్‌లో ఉన్న పేరు చివరి మెట్టు మాత్రమే. కింది మెట్లు రికార్డు గదిలో ఉంటాయి. ఆంధ్ర ప్రాంతంలో మూల రికార్డు ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్), డైగ్లాట్ (రెండు భాషల్లో ఉండే భూమి రిజిస్టర్), ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం). ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో వరుసగా చుక్కలు పెట్టి వదిలేసిన భూములు వేల ఎకరాలు ఉన్నాయి. వాటినే చుక్కల భూములు అంటారు. వాటి కోసం 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. ఇవాళ్టి రెవెన్యూ రికార్డులైన 1-బీ, అడంగల్‌లో శుభ్రంగా పేరున్నా మూలంలో చుక్కలు ఉంటే అసలు కథ అక్కడే మొదలవుతుంది. ఏజెన్సీ ప్రాంతాల్లో 1959 నాటి 1వ రెగ్యులేషన్, 1970 సవరణతో కలిపి, గిరిజనేతరుడికి జరిగే భూమి బదిలీని చెల్లకుండా చేస్తుంది. అక్కడ ఎంత పాత దస్తావేజు చూపించినా అదొక్కటే చూసి కొనకూడదు. ఒక జిల్లాలో దిట్ట అయిన లాయర్ ఇంకో జిల్లా రికార్డుకు కొత్తవాడే. మంచి లాయర్ ఆ సంగతి తనే చెప్పి, అక్కడి లాయర్ పేరు ఇస్తాడు.

మొదటి సమావేశమే మీకు పరీక్ష. జిరాక్సు కట్ట బల్ల మీద పెట్టి, ఆయన ఏం అడుగుతాడో గమనించండి. రెండు కాగితాలు తిరగేసి ‘అంతా బాగుంది, ఎల్లుండి ఒపీనియన్ ఇస్తాను’ అంటే లేచి వచ్చేయండి. పని తెలిసిన లాయర్ ముందు ఒరిజినల్స్ ఎక్కడున్నాయని అడుగుతాడు. లింకు డాక్యుమెంట్లలో, అంటే ఆస్తి చేతులు మారుతూ వచ్చిన పాత దస్తావేజుల్లో, మధ్యది ఎందుకు లేదని అడుగుతాడు. అమ్మేవాడి వంశవృక్షం అడుగుతాడు. స్థలంలో ఇప్పుడు ఎవరున్నారు, కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది, పక్క హద్దులవాళ్లతో మాట్లాడారా అని అడుగుతాడు. స్వాధీనంలో ఉన్న మనిషికి ఏ హక్కు ఉందో విచారించకపోతే, ఆ హక్కు సంగతి మీకు తెలిసినట్టే చట్టం భావిస్తుంది.

ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, విషయంలో లాయర్ ఎంత లోతుకు వెళతాడో చూస్తే అతని పనితనం తెలిసిపోతుంది. పదమూడేళ్ల ఈసీ చాలని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. తాకట్టు విడిపించుకునే దావాకు గడువు ముప్పై ఏళ్లు, తన ఆస్తి కోసం ప్రభుత్వం దావా వేయడానికి గడువు ముప్పై ఏళ్లు. కాబట్టి ముప్పై ఏళ్లకు తగ్గకుండా చూడాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కంప్యూటర్ ఈసీ 1983 జనవరి 1 నుంచి దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే ఆఫీసులో పాత ఇండెక్సు పుస్తకాలు వెతికించాలి.

ఇక వెతకడంలోనే అసలు మెలిక ఉంది. ఈసీ అనేది మీరు ఇచ్చిన వివరాలకు కంప్యూటర్ చెప్పే జవాబు. ఉదాహరణకు ఇవాళ మీరు కొనే స్థలం సర్వే నంబరు 112/2 అనుకుందాం. 1990లో అదే భూమి తాకట్టు దస్తావేజులో ఉత్త 112 అని రాసి ఉండవచ్చు. సబ్‌డివిజన్ తర్వాత జరిగి ఉండవచ్చు. 112/2 తో వెతికితే ఆ తాకట్టు బయటపడకపోవచ్చు. ఊరు విడిపోయి కొత్త రెవెన్యూ గ్రామం వచ్చి ఉంటే పాత గ్రామం పేరుతో, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పరిధి మారి ఉంటే పాత ఆఫీసులో కూడా వెతకాలి. పట్టణంలో ఇంటి నంబరు మారితే పాత నంబరుతో మళ్లీ, ప్లాటు అయితే ప్లాటు నంబరుతోనూ సర్వే నంబరుతోనూ రెండుసార్లు. చివరగా, చేతిలో ఉన్న ప్రతి లింకు డాక్యుమెంటు ఆ ఈసీలో కనబడుతోందా అని సరిచూడాలి. చేతిలో దస్తావేజు ఉండి ఈసీలో లేకపోతే వెతికిన తీరులోనైనా తప్పు ఉండాలి, ఆ దస్తావేజైనా నకిలీ అయి ఉండాలి. ఏది నిజమో తెలియాలంటే సర్టిఫైడ్ కాపీ తీయించి, పక్కన పెట్టి చదవాలి. ఇంతా చేశాక ఒపీనియన్‌లో ఏయే వివరాలతో, ఏ ఆఫీసులో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వెతికారో రాసే లాయర్ దొరికితే వదులుకోకండి.

శుభ్రమైన ఈసీ వచ్చినా అందులో కనబడనివి చాలా ఉన్నాయి. రిజిస్టర్ అయిన వీలునామా రిజిస్ట్రేషన్ ఆఫీసులోని మూడో పుస్తకంలో ఉంటుంది, ఈసీలోకి రాదు. మామూలు జీపీఏ (తన తరఫున వ్యవహరించమని ఇంకొకరికి రాసిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), దాని రద్దు నాలుగో పుస్తకంలో ఉంటాయి, అవీ రావు. ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు, ఆ మేరకు పత్రం ఏదీ రిజిస్టర్ కాకపోతే, ఈసీలో పడదు. అందుకే బ్యాంకు తాకట్లు నమోదయ్యే సెర్సాయ్ రిజిస్టర్‌లో కూడా వెతికించాలి. ఆన్‌లైన్‌లో కొద్ది రుసుముతో అయ్యే పని అది. పెద్దమనుషుల సమక్షంలో నోటిమాటగా జరిగిన పంపకం, రిజిస్టర్ కాని వీలునామా, కోర్టులో నడుస్తున్న దావా, ఇవేవీ ఈసీలో ఉండవు.

దావా సంగతి మరీ ప్రమాదం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, దావా నడుస్తుండగా కొన్నవాడు ఆ దావా తీర్పుకు కట్టుబడాలి. ‘నాకు తెలియదు’ అన్న జవాబు పనికిరాదు. కాబట్టి అమ్మేవాడి పేరుతో, వాళ్ల నాన్న పేరుతో, అంతకుముందు అమ్మినవాడి పేరుతో ఈ-కోర్ట్స్‌లో వెతకాలి. అక్కడ పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయి. వెంకటేశ్వర్లు అన్న ఒక్క పేరునే ఐదారు రకాలుగా రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట పొడి అక్షరంగా ఉంటుంది. ఒక్క స్పెల్లింగ్‌తో వెతికి ‘కేసులేమీ లేవు’ అని రాసే లాయర్ పని సగంలో ఆపినట్టే.

కుటుంబం దగ్గరకు వస్తే, ఆడపిల్లల వాటా గురించి ఎన్ని ప్రశ్నలు వేస్తాడో చూసి లాయర్‌ను అంచనా వేయవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా జన్మహక్కు వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్లయినా కాకపోయినా కూతుళ్లందరికీ అదే హక్కు. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే జరిగిపోయిన అమ్మకాలను, రిజిస్టర్ అయిన లేదా కోర్టు డిక్రీతో అయిన పంపకాలను మాత్రం కదపరు. ఈ తేదీలు నోటికి చెప్పగలిగి, ‘అమ్మేవాడికి అక్కచెల్లెళ్లు ఎందరు, వాళ్ల సంతకాలు ఉన్నాయా’ అని అడిగేవాడు పనికొచ్చే లాయర్. ‘అక్కకు పెళ్లప్పుడే ఇచ్చేశాం’ అన్న మాట కాగితం మీద ఉండాలి. తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో కూతుళ్ల పేర్లు వదిలేయడం కొత్తేమీ కాదు. అందుకే రేషన్ కార్డు, పాత ఓటరు జాబితా కూడా తెప్పించి పోల్చి చూస్తారు. మైనర్ పేరిట ఉన్న ఆస్తిని తల్లిదండ్రులు కోర్టు అనుమతి లేకుండా అమ్మి ఉంటే, ఆ పిల్లవాడు పద్దెనిమిది నిండిన తర్వాత మూడేళ్లలోపు ఆ అమ్మకాన్ని రద్దు చేయమని దావా వేయవచ్చు.

జీపీఏ మీద కొనేటప్పుడు రెండు సంగతులు. జీపీఏతో, అగ్రిమెంటుతో మాత్రమే ఆస్తి చేతులు మారదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో స్పష్టంగా చెప్పింది. రాసిచ్చిన మనిషి చనిపోతే మామూలు జీపీఏ అక్కడితో ముగుస్తుంది. కాబట్టి రిజిస్ట్రేషన్ రోజున ఆ మనిషి బతికి ఉన్నాడా, జీపీఏ రద్దు కాలేదా అని నేరుగా తెలుసుకోవాలి. వీలైతే రాసిచ్చిన మనిషినే రప్పించి సంతకం పెట్టించడం మేలు.

భూమి స్వభావం కూడా లాయరే చూడాలి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితా, 1977 చట్టం కిందకు వచ్చే అసైన్డ్ భూమి (పేదలకు ప్రభుత్వం ఇచ్చినది), దేవాదాయ, వక్ఫ్ భూములు, 1973 సీలింగ్ చట్టం కింద మిగులుగా తేలినవి, పట్టణాల్లో 1976 అర్బన్ సీలింగ్ కింద ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నవి, చెరువుల ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు), దాని చుట్టూ ఉండే బఫర్ జోన్ పరిధి. జాబితాలో పేరు లేదు కాబట్టి భూమి మంచిదే అని తేల్చేయకూడదు. జాబితాలోకి ఇంకా ఎక్కనివీ ఉంటాయి. హద్దులు కొలిచి చెప్పడం లాయర్ పని కాదు. ఎఫ్‌ఎంబీనో, తెలంగాణలో కొలతల నక్షా అయిన టిప్పన్‌నో సర్వేయర్‌కు ఇచ్చి కొలిపించమని ఆయన చెప్పాలి, ఆ రిపోర్టును దస్తావేజు షెడ్యూల్‌తో సరిపోల్చాలి.

అపార్ట్‌మెంట్ అయితే వెతుకులాట మారుతుంది. భూమి యజమానికీ బిల్డర్‌కూ మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంటు ఒక్కటే చాలదు. ఏ ఫ్లాటు ఎవరి వాటాకు వచ్చిందో తేల్చే సప్లిమెంటరీ అగ్రిమెంటులో మీ ఫ్లాటు నంబరు ఎవరి వాటాలో ఉందో చూడాలి. యజమాని వాటా ఫ్లాటును బిల్డర్ అమ్మితే చిక్కు మీకే. ప్లాన్ మంజూరు చేసిన సంస్థకు తనఖా పెట్టిన అంతస్తులో మీ ఫ్లాటు ఉందేమో చూడాలి. 500 చదరపు మీటర్లు మించిన స్థలం లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టు అయితే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి. రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు లేకుండా పది శాతానికి మించి బిల్డర్ తీసుకోకూడదు.

ఫీజు ముందే కాగితం మీద తేల్చుకోండి. అందులో ఏయే పనులు ఉన్నాయో రాయించండి: సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, రెవెన్యూ రికార్డు గదిలో, కోర్టులో వెతకడం, సర్టిఫైడ్ కాపీలు తీయడం, అగ్రిమెంటు, సేల్ డీడ్ ముసాయిదా, రిజిస్ట్రేషన్ రోజున రావడం. చేతిలో పెట్టిన జిరాక్సులు చదివి రాసే ఒపీనియన్‌కూ, రికార్డు గదులకు వెళ్లి రాసే ఒపీనియన్‌కూ పనిలో చాలా తేడా ఉంది, ఫీజులోనూ ఉంటుంది. బేరం పూర్తయితేనే ఫీజు, లేదా ఆస్తి విలువలో ఇంత శాతం అని ఒప్పుకోకండి. కొనొద్దని చెప్పినా ఆయనకు ఫీజు పూర్తిగా అందాలి. అప్పుడే ‘వద్దు’ అని ధైర్యంగా చెప్పగలడు.

ఒపీనియన్ చేతికి వచ్చాక చివరి పేజీ ఒక్కటే చదవడం చాలామందికి అలవాటు. మొదటి పేజీలో చూసిన కాగితాల పట్టిక ఉంటుంది. ప్రతిదాని ఎదురుగా ఒరిజినల్ చూశారా, సర్టిఫైడ్ కాపీనా, జిరాక్సా అని రాసి ఉండాలి. అన్నీ జిరాక్సులే అయితే ఆ ఒపీనియన్ మీద డబ్బు కట్టకూడదు. ‘ఫలానా కాగితాలు సమర్పిస్తే’, ‘ఇచ్చిన పత్రాలు నిజమైనవని భావిస్తూ’ లాంటి మాటలు ఎన్ని ఉన్నాయో గీత గీసుకుని లెక్కపెట్టండి. ఆ షరతులన్నీ తీరేవరకు అది పూర్తయిన ఒపీనియన్ కాదు. ఒపీనియన్ రాసిన తేదీకీ రిజిస్ట్రేషన్‌కూ మధ్య నెలలు గడిచిపోతే, రిజిస్ట్రేషన్ ముందు రోజు మళ్లీ ఒకసారి ఈసీ తీయించాలి.

బయానా అగ్రిమెంటు ముసాయిదా కూడా మీ లాయరే రాయాలి. అచ్చు నమూనాల్లో ‘కొనువారు సమస్త పత్రములను పరిశీలించి తృప్తి చెందినారు’ అన్న వాక్యం ఉంటుంది. దాన్ని కొట్టేయించి, హక్కులో లోపం తేలితే బయానా మొత్తం ఇన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలని రాయించాలి. గ్రామీణ వ్యవసాయ భూమి కాకుండా మిగతా ఆస్తి ధర 50 లక్షలు గానీ అంతకు మించి గానీ ఉంటే, అమ్మేవాడి ఆదాయపు పన్ను కింద ఒక శాతం టీడీఎస్ కోసి కట్టడం కొనేవాడి బాధ్యత. అమ్మేవాడు విదేశాల్లో స్థిరపడిన వ్యక్తి అయితే ఈ ఒక శాతం లెక్క వర్తించదు, కోత చాలా ఎక్కువ ఉంటుంది. బయానా చెక్కు రాసేలోపే లాయర్ ఈ మాట గుర్తుచేయాలి.

చివరగా మీ పత్రికకే ఒక మనవి. కొనేవాళ్ల తరఫున లాయర్లు ఇచ్చే పబ్లిక్ నోటీసులు, ‘అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో తెలపండి’ అన్నవి, మీ దగ్గరకు రోజూ వస్తుంటాయి. నోటీసుకు జవాబివ్వనంత మాత్రాన నిజమైన హక్కుదారు హక్కు పోదు. అయినా తెలియని వాటాదారు బయటికి రావడానికి అదొక మంచి దారి. ఖర్చు తగ్గుతుందని ఆస్తి ఉన్న మండలానికి వెళ్లని ఎడిషన్‌లో, సర్వే నంబరు, హద్దులు లేకుండా వేయించేవాళ్లు ఉన్నారు. ఏ ఊళ్లో ఆస్తి ఉందో ఆ ఊరికి వెళ్లే ఎడిషన్‌లోనే, గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, అమ్మేవాడి తండ్రి పేరు ఉంటేనే తీసుకుంటామని మీ ప్రకటనల విభాగం ఒక నియమం పెట్టుకోగలదు. అక్షరాలు కాస్త పెద్దవిగా వేస్తే, ఊళ్లో పత్రిక చదివే పెద్దవాళ్ల కంట పడతాయి. ఫలానా వాళ్ల పొలమే ఇది అని ముందుగా గుర్తుపట్టేది వాళ్లే.

ఇట్లు,
ఒక సివిల్ న్యాయవాది